గ్రూప్ దశ (ఫుట్‌బాల్)

అంతర్జాతీయ ఫుట్‌బాల్ టోర్నీల్లో తొలి అంకం గ్రూప్ దశ. మన పత్రికల క్రీడా పేజీల్లో దీన్నే లీగ్ దశ అని కూడా రాస్తుంటారు. బరిలో ఉన్న జట్లను చిన్న చిన్న గ్రూపులుగా విడగొడతారు. ఒక గ్రూపులోని ప్రతి జట్టూ మిగతావాటితో ఒక్కోసారి తలపడుతుంది. పాయింట్ల పట్టికలో పైనున్న జట్లు నాకౌట్‌కు వెళ్తాయి, మిగిలినవి ఇంటిదారి పడతాయి. నాలుగు జట్లున్న గ్రూపులో ఆరు మ్యాచ్‌లు జరుగుతాయి, ఒక్కో జట్టుకు మూడు చొప్పున. గెలిచినా ఓడినా ఆ మూడు మ్యాచ్‌లకు ఢోకా లేదు. ఈ పద్ధతి పుట్టిందీ, ఇన్నేళ్లుగా నిలిచిందీ ఆ భరోసా వల్లే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సంక్రాంతికి ఊరూరా జరిగే క్రికెట్, వాలీబాల్, కబడ్డీ పోటీలు చూసినవారికి నాకౌట్ గురించి చెప్పనక్కర్లేదు. ఎంట్రీ ఫీజు కట్టి, పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వచ్చిన జట్టు తొలి మ్యాచ్‌లో ఓడితే మధ్యాహ్నం భోజనం వేళకు మళ్లీ ఇంట్లో ఉంటుంది. ఊరి పండగలో అది చెల్లుతుంది. సముద్రాలు దాటి, నెలల తరబడి శిబిరాల్లో సాధన చేసి వచ్చిన జట్టును గంటన్నర ఆటతో వెనక్కి పంపడం మాత్రం ఎవరికీ నచ్చదు. టికెట్లు అమ్ముకోవలసిన నిర్వాహకులకు అసలే నచ్చదు.

పాయింట్లు, ముడి విప్పే నిబంధనలు

గ్రూపుల ఎంపిక డ్రా ద్వారా జరుగుతుంది. ర్యాంకుల ప్రకారం జట్లను నాలుగు కుండల్లో వేసి, ఒక్కో కుండలోంచి ఒక్కో చీటీ తీస్తారు. బలమైన జట్లన్నీ ఒకే గ్రూపులో పడకుండా ఇది ముందుజాగ్రత్త. ఆతిథ్య దేశానికి సాధారణంగా ‘ఎ’ గ్రూపులో మొదటి స్థానం కేటాయిస్తారు. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి ముగ్గురు ఉద్దండులు ఒకేచోట చేరతారు. దాన్ని ‘గ్రూప్ ఆఫ్ డెత్’ అంటారు.

ఒకప్పుడు గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి ఇచ్చేవారు. దాంతో ఒక పాయింటు చాలనుకున్న జట్లు గోలు ముందు గోడ కట్టి కూర్చునేవి. ఇంగ్లండ్ తన దేశవాళీ లీగ్‌లో 1981లో గెలుపుకు మూడు పాయింట్లు మొదలుపెట్టింది. ప్రపంచకప్‌లో అది 1994 నుంచి అమల్లోకి వచ్చింది.

రెండు జట్ల పాయింట్లు సమానమైతే ఏం చేయాలన్నది అసలు చిక్కు. వేసిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే వచ్చే తేడా, మొత్తం వేసిన గోల్స్, ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్ ఫలితం: ఈ మూడింటిలో ఏది ముందు చూడాలన్నది టోర్నీని బట్టి మారుతుంది. ప్రపంచకప్‌లో 2022 వరకు గోల్స్ తేడాకే పెద్దపీట. ఆసియా కప్‌లో ముఖాముఖి ఫలితమే ముందు చూస్తారు. 2026 ప్రపంచకప్‌కు ఫిఫా కూడా ముఖాముఖినే ముందుకు తెచ్చింది. ఇవన్నీ సమానమైతే పసుపు, ఎర్ర కార్డుల లెక్క చూస్తారు. 2018లో జపాన్, సెనెగల్ జట్లకు పాయింట్లు, గోల్స్ తేడా, గోల్స్, ముఖాముఖి అన్నీ సమానమయ్యాయి. నాలుగు పసుపు కార్డులున్న జపాన్ ముందుకెళ్లింది, ఆరు కార్డులున్న సెనెగల్ ఇంటికెళ్లింది. ఆఖరి మ్యాచ్‌లో పోలండ్ చేతిలో 0-1తో ఓడుతూ కూడా, మరో కార్డు పడితే కొంప మునుగుతుందని, జపాన్ ఆటగాళ్లు చివరి నిమిషాల్లో బంతిని తమలో తామే అటూ ఇటూ తన్నుకుంటూ గడిపారు. నిబంధన ప్రకారం తప్పు లేదు. చూసేవాళ్లకు మాత్రం ఒళ్లు మండింది. ఏ లెక్కతోనూ తేలకపోతే ప్రపంచకప్‌లో 2022 వరకు చీటీయే గతి: 1990లో ఐర్లండ్, నెదర్లాండ్స్ మధ్య రెండో స్థానం ఎవరిదో చీటీ తీసి తేల్చారు.

ప్రపంచకప్‌లో గ్రూపుల చరిత్ర

1930లో ఉరుగ్వేలో జరిగిన తొలి ప్రపంచకప్‌లోనే గ్రూపులున్నాయి. 13 జట్లు, నాలుగు గ్రూపులు, ఒక్కో గ్రూపు నుంచి ఒక్క విజేతే సెమీస్‌కు. 1934, 1938లలో దీన్ని ఎత్తేసి నేరుగా నాకౌట్ పెట్టారు. 1934లో అట్లాంటిక్ దాటి ఇటలీకి వెళ్లిన బ్రెజిల్ ఒక్క మ్యాచ్‌తోనే టోర్నీ నుంచి నిష్క్రమించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1950లో గ్రూపులు తిరిగొచ్చాయి. ఆ ఏడాది ఫైనల్ కూడా లేదు, నాలుగు గ్రూపుల విజేతలతో మళ్లీ ఒక గ్రూపే.

ఈ 1950 పట్టికలో భారత్ పేరుంది. మూడో గ్రూపులో ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో పాటు మన జట్టుకూ చోటు దక్కింది. జట్టు వెళ్లలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వరనే మానేశారన్న కథ ఇప్పటికీ చాలామంది నోట వినిపిస్తుంది. అది సగం కల్పన. అప్పటి ఫుట్‌బాల్ పెద్దలకు ఒలింపిక్స్ ముందు ప్రపంచకప్ లెక్కలోకి రాలేదు. దూరప్రయాణం, సాధనకు సమయం చాలకపోవడం కూడా తోడయ్యాయి. మూడో గ్రూపు మూడు జట్లతోనే ముగిసింది, స్వీడన్ ముందుకెళ్లింది. నాలుగో గ్రూపులో ఇంకా విచిత్రం: మిగతావాళ్లు తప్పుకోగా ఉరుగ్వే, బొలీవియా మాత్రమే మిగిలాయి. ఉరుగ్వే ఒకే ఒక్క మ్యాచ్ 8-0తో గెలిచి ముందుకెళ్లి, చివరికి కప్పే ఎత్తుకుపోయింది. పురుషుల ప్రపంచకప్ గ్రూప్ పట్టికలో భారత్ పేరు కనిపించింది ఆ ఒక్కసారే.

గ్రూప్ దశ చరిత్రలో మాయని మచ్చ 1982 జూన్ 25న స్పెయిన్‌లోని హిహోన్‌లో పడింది. అల్జీరియా అంతకుముందు రోజే తన మ్యాచ్‌లన్నీ ముగించింది. పశ్చిమ జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో ఆస్ట్రియాను ఓడిస్తే ఆ రెండు జట్లకూ బెర్తు ఖాయం, అల్జీరియాకు మొండిచెయ్యి. జర్మనీ పదో నిమిషంలోనే గోలు కొట్టింది. ఆ తర్వాత ఎనభై నిమిషాలు రెండు జట్లూ షికారు చేశాయి. స్టాండ్స్‌లో జనం కరెన్సీ నోట్లు ఊపి వెక్కిరించారు. ఫలితం మార్చడానికి ఫిఫా ఒప్పుకోలేదు గానీ, 1986 నుంచి ప్రతి గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లూ ఒకే సమయానికి మొదలుకావాలని నిబంధన పెట్టింది. ఈ దశలో జరిగిన సంస్కరణలన్నిటిలో ఇదే మేలైనది.

2026 నుంచి ప్రపంచకప్‌లో 48 జట్లు, 12 గ్రూపులు. ఒక్క గ్రూప్ దశలోనే 72 మ్యాచ్‌లు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లతో పాటు మూడో స్థానంలో నిలిచిన వాటిలో మెరుగైన ఎనిమిదింటికీ నాకౌట్ బెర్తు ఉంటుంది. అంటే 48లో 32 జట్లు ముందుకెళ్తాయి. ఇంతమందిని దాటించే గ్రూప్ దశలో పోటీ పలచబడుతుందన్న విమర్శ ఉంది, అది నిజం కూడా. కానీ పసికూనలకు మూడేసి మ్యాచ్‌లు దక్కడం చిన్న విషయం కాదు.

భారత్, తెలుగు నేల

భారత ఫుట్‌బాల్ అంతర్జాతీయ చరిత్రలో చాలా భాగం గ్రూప్ దశ చరిత్రే. స్వర్ణయుగంలో ఆ చరిత్రకు ఇరుసు హైదరాబాద్.

కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానంలో నిలిపింది ఆయనే, అయితే ఆ టోర్నీ పూర్తిగా నాకౌట్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గ్రూపులు పెట్టారు. ఒక్కో గ్రూపు నుంచి ఒక్కరే సెమీస్‌కు. భారత్‌కు హంగరీ, ఫ్రాన్స్, పెరూ తగిలాయి. హంగరీ చేతిలో 1-2తో ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, పెరూ చేతిలో 1-3తో ఓటమి. ఫ్రాన్స్‌పై గోలు కెప్టెన్ పి.కె. బెనర్జీది. హంగరీ, పెరూలపై వచ్చిన గోల్స్ రెండూ సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంవి. అంటే ఆ గ్రూపులో మన జట్టు వేసిన మూడు గోల్స్‌లో రెండు ఈ నేల మీద ఆట నేర్చిన కుర్రాడివే. పట్టికలో అట్టడుగున నిలిచినా, మూడు మ్యాచ్‌ల్లోనూ గోలు వేసిన జట్టు అది. తర్వాత తరాలకు ఆ మాట చెప్పుకునే అవకాశం అరుదుగా వచ్చింది.

రెండేళ్ల తర్వాత 1962 జకార్తా ఆసియా క్రీడలు. గ్రూపులో దక్షిణ కొరియా, థాయ్‌లాండ్, జపాన్. తొలి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో 0-2తో దెబ్బ తగిలింది. నాకౌట్ పద్ధతైతే కథ అక్కడితో సరి. గ్రూప్ కాబట్టి రహీంకు దిద్దుకునే వ్యవధి దొరికింది. థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి భారత్ రెండో స్థానంలో నిలిచింది. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో రక్షణ పంక్తిలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తర్వాత రహీం అతన్ని ముందు వరుసలోకి పంపాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలుపు. సెప్టెంబరు 4న ఫైనల్లో ఎదురైంది మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లకు ఆతిథ్య దేశం వీసాలు నిరాకరించిన వ్యవహారంలో భారత ప్రతినిధి జి.డి. సోంధీ గట్టిగా మాట్లాడినందుకు స్టేడియంలో లక్షమంది మన జట్టుకు ఎదురు తిరిగారు. ఆ హోరులోనే భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. గోల్స్ బెనర్జీ, జర్నైల్‌లవి. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. తొలి మ్యాచ్ ఓడినవాడు కప్పు గెలవడానికి ఈమధ్య అందరూ చెప్పే ఉదాహరణ 2022లో సౌదీ అరేబియా చేతిలో 1-2తో ఓడిన అర్జెంటీనా. మనకు అరవై ఏళ్ల ముందే జకార్తా ఉంది.

హైదరాబాద్‌లో గ్రూప్ దశ

తెలుగువాళ్లు సొంత మైదానంలో అంతర్జాతీయ గ్రూప్ దశను చూసిన ముఖ్య సందర్భం 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్. అప్పటికి రాష్ట్రం ఒక్కటే. ఆసియాలో వెనకబడిన ఫుట్‌బాల్ దేశాల కోసం పెట్టిన టోర్నీ ఇది. విజేతకు 2011 ఆసియా కప్‌లో నేరుగా చోటిస్తామన్నారు. జూలై 30న హైదరాబాద్‌లో మొదలైంది.

ఎ గ్రూపులో భారత్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, అఫ్గానిస్తాన్. బి గ్రూపులో ఉత్తర కొరియా, మయన్మార్, నేపాల్, శ్రీలంక. తొలి మ్యాచ్‌లో అఫ్గానిస్తాన్ మనవాళ్లను ముప్పుతిప్పలు పెట్టింది. తొంభై నిమిషాలు గడిచినా గోలు లేదు. ఇంజురీ టైమ్‌లో గోవా ఆటగాడు క్లైమాక్స్ లారెన్స్ గోలు కొట్టి 1-0తో గట్టెక్కించాడు. పేరుకు తగ్గ ముగింపే. తజికిస్తాన్‌తో 1-1 డ్రా. ఆఖర్న తుర్క్‌మెనిస్తాన్‌పై 2-1 గెలుపు, రెండు గోల్సూ కెప్టెన్ బైచుంగ్ భూటియావి. పట్టిక చూస్తే భారత్‌కు 7 పాయింట్లు, తజికిస్తాన్‌కు 5, తుర్క్‌మెనిస్తాన్‌కు 4, అఫ్గానిస్తాన్‌కు సున్నా. లారెన్స్ గోలు లేకపోయి ఉంటే మన పాయింట్లు ఐదే. అప్పుడు తజికిస్తాన్‌తో సమానమై లెక్కలు మారేవి. ఒక్క గోలు విలువ గ్రూపులో తొలిరోజు తెలియదు, మూడో మ్యాచ్ అయ్యాకే తెలుస్తుంది.

సెమీస్‌లో మయన్మార్‌పై 1-0తో గెలిచాక వాన అడ్డొచ్చింది. హైదరాబాద్ మైదానాలు బురదమయం కావడంతో ఫైనల్‌ను ఢిల్లీ అంబేడ్కర్ స్టేడియానికి తరలించారు. ఆగస్టు 13న అక్కడ తజికిస్తాన్‌పై సునీల్ ఛెత్రి హ్యాట్రిక్‌తో భారత్ 4-1తో గెలిచింది. కప్పు ఢిల్లీలో ఎత్తినా, దానికి దారి వేసింది హైదరాబాద్ మ్యాచ్‌లే. జూలై, ఆగస్టు నెలల్లో టోర్నీ పెట్టి వాన పడిందని వాపోవడం నిర్వాహకుల తెలివితేటలకు తార్కాణం. 1984 తర్వాత భారత్ మళ్లీ ఆసియా కప్‌కు వెళ్లింది ఈ గెలుపుతోనే. అక్కడ, 2011 జనవరిలో దోహాలో, ఆస్ట్రేలియా (0-4), బహ్రెయిన్ (2-5), దక్షిణ కొరియా (1-4) చేతుల్లో వరుసగా ఓడి తిరిగొచ్చింది.

హైదరాబాద్‌కు అంతకుముందు 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల ఫుట్‌బాల్ కూడా వచ్చింది. ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో ఓడిన భారత్‌కు రజతం దక్కింది. 2024 సెప్టెంబరులో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. భారత్, సిరియా, మారిషస్ మూడే జట్లు. మొత్తం టోర్నీయే ఒక గ్రూపు. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. అంతకుముందు హైదరాబాద్ ఎఫ్‌సీని ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతగా నిలిపిన మనోలో మార్కెజ్‌కు జాతీయ జట్టు కోచ్‌గా అదే తొలి టోర్నీ.

భువనేశ్వర్, 2022

శ్రీకాకుళం జిల్లావాసికి హైదరాబాద్ మైదానం రాత్రంతా రైలు ప్రయాణం. భువనేశ్వర్ అలా కాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి 300 కిలోమీటర్ల పైచిలుకు, ఇచ్ఛాపురం నుంచైతే ఇంకా దగ్గర. పలాస, సోంపేట, బరంపురం మీదుగా అదే హౌరా లైను. కాబట్టి ఉత్తరాంధ్రకు అత్యంత చేరువలో జరిగిన ప్రపంచకప్ గ్రూప్ మ్యాచ్‌లు 2022 అక్టోబరులో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచకప్‌వే.

టోర్నీ 2020లోనే జరగాల్సింది, కోవిడ్ వల్ల రద్దయింది. 2022కు మళ్లీ మనకే ఇచ్చారు. అది కూడా చేజారబోయింది: ఆగస్టులో బయటివాళ్ల జోక్యం పేరుతో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేసి, రెండు వారాల్లోపే ఎత్తేసింది. 16 జట్లు, నాలుగు గ్రూపులు. వేదికలు భువనేశ్వర్, మడ్‌గావ్, నవీ ముంబై. ఆతిథ్య దేశంగా నేరుగా చోటు దక్కిన భారత్ ఎ గ్రూపులో అమెరికా, బ్రెజిల్, మొరాకోలతో పడింది. జార్ఖండ్ అమ్మాయి అస్తం ఒరాన్ కెప్టెన్, స్వీడన్‌కు చెందిన థామస్ డెన్నర్‌బీ కోచ్.

అక్టోబరు 11న అమెరికా 8-0తో గెలిచింది. విరామానికే ఐదు. ఎనిమిదో గోలు కొట్టిన మియా భూతాది భారత సంతతి కుటుంబం. అదే రోజు అదే మైదానంలో బ్రెజిల్ 1-0తో మొరాకోను ఓడించింది. అక్టోబరు 14న మొరాకోతో మన జట్టు తొలి సగమంతా గోలు ఇవ్వకుండా నిలిచింది. మూడు రోజుల్లో ఒక జట్టు ఇంత నేర్చుకోగలదా అనిపించిన నలభై ఐదు నిమిషాలవి. రెండో సగంలో మూడు గోల్స్ పడ్డాయి, 0-3. అక్టోబరు 17న బ్రెజిల్ చేతిలో 0-5. మొత్తం మూడు ఓటములు, ఇచ్చిన గోల్స్ 16, వేసినవి సున్నా.

ఈ గ్రూపు పట్టికను ఇంకాస్త దగ్గరగా చూడాలి. అమెరికా, బ్రెజిల్ పరస్పరం 1-1తో డ్రా చేసుకున్నాయి, మిగతా రెండేసి మ్యాచ్‌లు గెలిచాయి. ఇద్దరికీ 7 పాయింట్లే. అమెరికా వేసినవి 13, ఇచ్చింది 1. బ్రెజిల్ వేసినవి 7, ఇచ్చింది 1. గోల్స్ తేడాలో అమెరికా ఆరు ముందుంది. అందులో మూడు మన జట్టు మీద వచ్చినవి (8-0కీ 5-0కీ మధ్య దూరం), మూడు మొరాకో మీద వచ్చినవి (4-0కీ 1-0కీ మధ్య దూరం). ఓడిన జట్లు ఎన్ని గోల్స్‌తో ఓడాయన్నదే అగ్రస్థానం ఎవరిదో తేల్చింది. అందుకే గ్రూప్ దశలో 0-5తో వెనకబడిన జట్టు ఆరో గోలు ఆపడానికి ఒళ్లు వంచడం వృథా ప్రయాస కాదు. తమకు కాకపోయినా ఎవరికో ఒకరికి అది లెక్కలోకి వస్తుంది. చివరికి ఆ అగ్రస్థానమూ అమెరికాకు అక్కరకు రాలేదు: క్వార్టర్స్‌లో నైజీరియా పెనాల్టీల్లో పడగొట్టింది. బ్రెజిల్ కూడా జర్మనీ చేతిలో 0-2తో ఓడింది. నవీ ముంబైలో అక్టోబరు 30న కొలంబియాపై 1-0తో గెలిచి స్పెయిన్ కప్పు తీసుకుంది.

హిహోన్ పాఠం కూడా ఇక్కడే కళ్లకు కట్టింది. భారత్–బ్రెజిల్ మ్యాచ్ భువనేశ్వర్‌లో జరుగుతున్న సమయానికే అమెరికా–మొరాకో మ్యాచ్ మడ్‌గావ్‌లో నడిచింది. దేశం ఈ తీరంలో ఒకటి, ఆ తీరంలో ఒకటి.

ఆఖరి నిమిషాలు

గ్రూప్ దశ క్రూరత్వం భారత పురుషుల జట్టుకు బాగా తెలుసు. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించి ఘనంగా మొదలుపెట్టారు. యూఏఈ చేతిలో 0-2తో ఓడారు. ఇక బహ్రెయిన్‌తో డ్రా చేస్తే చాలు. తొంభై నిమిషాలు 0-0తో లాక్కొచ్చారు. తొంభై ఒకటో నిమిషంలో పెనాల్టీ. ఆ ఒక్క గోలుతో రెండో స్థానం నుంచి నాలుగో స్థానానికి జారి ఇంటికొచ్చారు. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో అసలు అంత ఉత్కంఠకు తావే లేకపోయింది: ఆస్ట్రేలియా (0-2), ఉజ్బెకిస్తాన్ (0-3), సిరియా (0-1) చేతుల్లో ఓటములు. ఒక్క గోలూ లేదు, ఒక్క పాయింటూ లేదు.

అదే ఏడాది ప్రపంచకప్ అర్హత పోటీల్లో ఖతార్, కువైట్, అఫ్గానిస్తాన్‌లతో కూడిన గ్రూపులో, ఆఖరి మ్యాచ్‌కు ముందు భారత్ రెండో స్థానంలో ఉంది. జూన్ 11న దోహాలో ఖతార్‌పై 1-0 ఆధిక్యం కూడా సాధించింది. 73వ నిమిషంలో బంతి గోలు పక్కనుంచి గీత దాటి బయటకు పోయింది. ఖతార్ ఆటగాడు దాన్ని లోపలికి లాగి గోలు చేయించాడు. రిఫరీ ఒప్పుకున్నాడు, వీడియో సమీక్ష లేదు. 1-2తో ఓడి మన జట్టు 5 పాయింట్లతో మూడో స్థానంలో మిగిలింది. అన్యాయం జరిగిన మాట వాస్తవం. అంతకన్నా వాస్తవం ఏమిటంటే, మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడే బదులు గెలిచి ఉంటే ఆ రాత్రి రిఫరీ మీద ఆధారపడే అవసరమే ఉండేది కాదు. గ్రూపులో ఏ పాపమూ ఒక్క మ్యాచ్‌ది కాదు.

జట్టు తప్పుకున్నప్పుడు ఏం చేస్తారన్నదానికీ మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2022 జనవరిలో మహారాష్ట్రలో జరిగిన మహిళల ఆసియా కప్‌లో భారత్ ఇరాన్‌తో 0-0 డ్రా చేసుకుంది. తర్వాత శిబిరంలో కోవిడ్ కేసులు పెరిగి చైనీస్ తైపీతో ఆడటానికి పదమూడు మంది కూడా మిగల్లేదు. భారత్ టోర్నీ నుంచి తప్పుకున్నట్టు ప్రకటించి, ఇరాన్‌తో ఆడిన మ్యాచ్‌ను కూడా పట్టికలోంచి తీసేశారు.

ఉత్తరాంధ్రలో

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్రీడా కీర్తి వేరే ఆటలది. శ్రీకాకుళం స్టేడియానికి మల్లయోధుడు కోడి రామ్మూర్తి పేరుంది. విజయనగరం విజ్జీ స్టేడియానికి భారత క్రికెట్ కెప్టెన్‌గా చేసిన విజయనగరం మహరాజ్‌కుమార్ (విజ్జీ) పేరుంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వెయిట్ లిఫ్టర్ల ఊరు. బరువులెత్తడంలో ప్రతి ఒక్కరికీ మూడేసి ప్రయత్నాలు ఇస్తారని అక్కడి పిల్లలకు చెప్పక్కర్లేదు. ఫుట్‌బాల్‌కు మాత్రం ఇంత బలమైన సంప్రదాయం ఇక్కడ నిలబడలేదు.

పోటీలు పెట్టే పద్ధతిని మార్చడానికి సంప్రదాయం కోసం ఆగనక్కర్లేదు. ఎనిమిది జట్లతో నాకౌట్ పెడితే ఏడు మ్యాచ్‌లతో ముగుస్తుంది. నాలుగు జట్లు ఒక్క మ్యాచ్ ఆడి వెళ్లిపోతాయి. అవే ఎనిమిది జట్లను రెండు గ్రూపులు చేస్తే గ్రూపుకు ఆరు చొప్పున పన్నెండు, రెండు సెమీస్, ఒక ఫైనల్, మొత్తం పదిహేను మ్యాచ్‌లు. మైదానం మరో రెండు మూడు రోజులు కావాలి, రిఫరీ భత్యం, మంచినీళ్ల ఖర్చు కొంచెం పెరుగుతాయి. చివరి స్థానంలో నిలిచిన జట్టు కూడా మూడు మ్యాచ్‌లు ఆడి వెళ్తుంది. పాఠశాలల స్థాయిలో, మండలాల స్థాయిలో పోటీలు నడిపే వ్యాయామోపాధ్యాయులు, యువజన సంఘాలవారు వచ్చే ఏడాది ఫుట్‌బాల్ పెడితే దయచేసి గ్రూపులుగా పెట్టండి.